వాన ఊరికి మకాం మార్చే ముందు ఒక్క వానాకాలం చూసి రండి

మిరుగు వచ్చింది, మొగులు పట్టింది. ఈ ఎపిసోడ్‌ను భూపాలపల్లిలో మా ఇంటి పైన రేకుల షెడ్డు కింద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో టపటపా చప్పుడు వస్తే అది వానే, మైక్ ప్రాబ్లమ్ కాదు.

ఈ మధ్య నాకు వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంది. హైదరాబాద్ ట్రాఫిక్‌తోటి విసిగిపోయిన. నీలాగే భూపాలపల్లి వైపు వచ్చేద్దామనుకుంటున్న. మంచి వాన, పక్కనే అడవి, వీకెండ్‌కు వాటర్‌ఫాల్స్. కిరాయి ఎంతుంటది?" ఇదీ మెసేజ్.

కిరాయి చెప్తా. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, దాన్ని ఇప్పటిదాకా ఎవ్వరూ అడగలేదు. తప్పు మీది కాదు, నాది. నా రీల్స్‌లో ఈ ఊరి అందమే చూపించా. మిగతా సగం ఈ రోజు చెప్తా. నేను చేసిన రెండు తప్పులు కూడా చెప్తా. రెండోది చెప్పడానికి నాకు పది నెలలు పట్టింది.

ముందు నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పాలి. మాది జనగామ పక్కన పల్లె. వరంగల్ రూట్‌లో రైలెక్కినవాళ్లకు జనగామ స్టేషన్ తెలిసే ఉంటది. మాది ఎత్తు మీది ప్రాంతం, కరువు ప్రాంతం. నా చిన్నప్పుడు మా నాయిన మూడు బోర్లు వేస్తే రెండు ఫెయిల్. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి బిందె పట్టుకుని ట్యాంకర్ దగ్గర లైన్‌లో నిలబడేవాళ్లం. వాన పడితే మా అమ్మ వాకిట్లోకి వచ్చి ఊరికే నిలబడి తడిసేది. మాకు వాన అంటే పండుగ. వానంటే భయపడేవాళ్లు కూడా ఉంటారని నాకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా తెలియదు.

ఇంకో విషయం. మా జనగామ వైపు చెరువుల్లోకి దేవాదుల నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు ఎక్కడివి? ములుగు జిల్లాలో ఏటూరునాగారం దాటినాక గంగారం దగ్గర గోదావరి నుంచి పంపులతో ఎత్తిపోసేవి. అంటే ఈ వైపు నీళ్లను కొండల కింద సొరంగాల్లోంచి, పైపుల్లోంచి మోసుకొచ్చి మా కరువు చెరువుల్లో పోస్తున్నారు. ఒకే పాత వరంగల్ జిల్లా. ఒక మూలన నీళ్ల కోసం ఎదురుచూపు, ఇంకో మూలన నీళ్లొస్తున్నాయంటే భయం. 2016లో జిల్లాలు విడిపోయాక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు పేర్లయ్యాయి గానీ వాన లెక్క మాత్రం పాతదే.

బీటెక్ అయినాక అందరిలాగే హైదరాబాద్, అందరిలాగే సాఫ్ట్‌వేర్. నాలుగేళ్లు చేసిన. కరోనా టైమ్‌లో ఇంటినుంచి పని చేసినప్పుడు తెలిసింది, నాకు కావాల్సింది ల్యాప్‌టాప్, నెట్, కొంచెం గాలి. అంతే. తర్వాత ఉద్యోగం మానేసి వీడియోలు మొదలుపెట్టా, చేతి ఖర్చులకు ఫ్రీలాన్స్ కోడింగ్. 2024 ఏప్రిల్‌లో భూపాలపల్లికి వచ్చేసిన. హైదరాబాద్‌లో నా వాటా కిరాయి తొమ్మిది వేలు. ఇక్కడ రెండు రూములు, కిచెన్, ముందర వేపచెట్టు కలిపి నాలుగున్నర వేలు. అదిగో, కిరాయి చెప్పేసిన.

ఎందుకు భూపాలపల్లే అంటే, ఇది బొగ్గు ఊరు. సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది. షిఫ్టులు నడుస్తాయి కాబట్టి పొద్దున ఐదింటికి కూడా చాయ్ దొరుకుతుంది. బ్యాంకులున్నాయి, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఒక్కటి లేదు, రైల్వే స్టేషన్. బస్సులో పరకాల మీదుగా వరంగల్ పోయి రైలెక్కాలి.

ఇక చుట్టుపక్కల చూస్తే, నా ఆదివారాలు ఎట్లా గడుస్తాయో చెప్తా. రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. ఇసుకరాతి గుట్టలు, నిలువునా గోడల్లాంటి బండలు. వాటి మీద ఆదిమానవులు వేసిన ఎర్ర రంగు బొమ్మలుంటాయి. రాక్ క్లైంబింగ్ నేర్చుకునేవాళ్లు తాళ్లేసుకుని ఎక్కుతుంటారు. గణపురంలో కోటగుళ్లు, పక్కనే గణపసముద్రం చెరువు. అక్కణ్ణుంచి ఇంకొంచెం పోతే పాలంపేట రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇంకో దిక్కు లక్నవరం చెరువు, ఉయ్యాల వంతెన. తాడ్వాయి అడవి. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి బ్రిడ్జి ఎక్కి పోతే వాజేడు మండలంలో బొగత జలపాతం. ఉత్తరం దిక్కు పోతే కాళేశ్వరం, గోదావరి ప్రాణహిత కలిసే చోటు. 2025 మేలో సరస్వతి పుష్కరాలకు అక్కడ ఎంతమంది వచ్చారో మీరూ చూశారు. మా అక్కవాళ్లది మహబూబాబాద్. అటు పోతే గూడూరు మండలంలో భీమునిపాదం జలపాతం.

ఇదంతా నిజం. మస్తు ఉంటది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఒక్క మాట గమనించండి. నేను చెప్పిన లిస్ట్‌లో చెరువులు, జలపాతాలు, వాగులు, అడవి అన్నీ నీళ్ల మీద బతికేవే. ఆ నీళ్లు మీ వీకెండ్ కోసం విడిగా రావు. బొగతలో దుంకే నీళ్లూ, ఒక ఊరిని ముంచే నీళ్లూ ఒకే మొగులులోంచి పడతాయి. ఈ ఎపిసోడ్ మొత్తానికి నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతావన్నీ దాని వివరాలు.

వాన లెక్క చూద్దాం. బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు ఎక్కువగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా కదులుతాయి. ఆ దారి పక్కనే మన గోదావరి అడవి ప్రాంతం ఉంది. అందుకే ములుగు, భూపాలపల్లి వైపు మా జనగామ కంటే ఎప్పుడూ వాన ఎక్కువ. తెలంగాణలో ఒక్క రోజు వానకు అప్పటిదాకా ఉన్న రికార్డు 2013 జూలై 19న వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. పదేళ్లు అది చెక్కుచెదరలేదు. 2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. అదే రోజు మన భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. పాత రికార్డును ఒక్క రాత్రిలో రెండు చోట్ల దాటేసింది.

ఆ నంబర్ ఎంత పెద్దదో తెలియాలంటే ఒక పోలిక చెప్తా. నా బ్యాచ్‌మేట్ ఒకడు సియాటిల్‌లో ఉంటాడు. మనవాళ్లు చాలామంది ఉన్నారు అక్కడ. వాన ఊరు అని పేరు, పక్కనే కొండలు, ట్రెక్కింగ్. "మీది మా సియాటిల్ లాగా ఉంది రా" అన్నాడు నా వీడియో చూసి. లెక్క తీస్తే సియాటిల్‌లో ఏడాది మొత్తం పడేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. అది దాదాపు 150 రోజుల్లో సన్నగా, ముసురు లాగా పడుతుంది. లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో పడింది దాంట్లో మూడింట రెండు వంతులు. అక్కడి వాన జాకెట్ వేసుకుంటే సరిపోయే వాన. ఇక్కడిది వచ్చిందంటే ఇంటి కప్పు ఎక్కాల్సిన వాన.

కప్పు ఎక్కడం అని ఊరికే అనలేదు. అదే 2023 జూలై 27న భూపాలపల్లి పక్కనే ఉన్న మోరంచపల్లిలోకి తెల్లవారకముందే మోరంచవాగు వచ్చింది. జనం డాబాలు ఎక్కారు, చెట్లు ఎక్కారు. పడవలు, హెలికాప్టర్లు వస్తేగానీ బయటపడలేదు. కొందరు వాగులో కొట్టుకుపోయారు. చిట్యాల మండలం నైన్‌పాక దగ్గర జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో తీశారు. ములుగు జిల్లా కొండాయిలో జంపన్నవాగు మనుషుల్ని తీసుకుపోయింది. నేను అప్పుడు హైదరాబాద్‌లో పీజీ రూమ్‌లో పడుకుని ఫోన్‌లో ఆ వీడియోలు చూస్తున్నా. అయ్యో అనుకున్నా, స్క్రోల్ చేసిన. తొమ్మిది నెలలకు అదే ఊరి పక్కకు కిరాయికి వచ్చిన. వచ్చినప్పుడు ఆ వీడియో నాకు గుర్తు కూడా రాలేదు.

ఇక నా మొదటి తప్పు. నేను ఇల్లు చూసింది ఏప్రిల్‌లో. ఎండలు దంచుతున్నాయి. బొగ్గు బెల్ట్ ఎండాకాలం అంటే 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు, ఇది కూడా ఎవరూ రీల్‌లో చూపించరు. ఆ ఎండలో చల్లగా ఉన్న ఇల్లు నచ్చింది. రోడ్డుకంటే కొంచెం పల్లంలో ఉంది, నీడ ఎక్కువ. ఓనర్ సార్‌ను అడిగిన, "వానాకాలం నీళ్లొస్తాయా సార్?" అని. "అసలే రావు" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చేసిన.

సామాన్లు దింపుతుంటే పక్కింటి అవ్వ వచ్చింది. "ఏం బిడ్డా, ఎక్కణ్ణుంచి వచ్చినవ్?" అంది. జనగామ అన్న. "మంచం ఎత్తుది తెచ్చుకున్నవా?" అంది. నాకు అర్థం కాలేదు, నవ్విన. అవ్వ కూడా నవ్వి పోయింది.

జూలైలో ముసురు పట్టింది. రెండు రోజులు నేను సంబరంగా వీడియోలు తీసిన. మూడో రాత్రి రెండింటికి చెప్పులు తేలుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. లైట్ వేస్తే కరెంట్ లేదు. కాలు కింద పెడితే పిక్కలదాకా నీళ్లు. నల్లగా, బొగ్గు పొడి కలిసిన బురద నీళ్లు. కింద పెట్టిన యూపీఎస్, ల్యాప్‌టాప్ బ్యాగ్, హార్డ్ డిస్క్ అన్నీ అందులోనే. ఆరు నెలల ఫుటేజ్ పోయింది. అవ్వ కొడుకు టార్చ్ పట్టుకుని వచ్చి, "అన్నా, మెయిన్ ఆఫ్ చెయ్, తర్వాత సామాన్ చూడు" అని అరిచాడు. నాకు ఆ ఆలోచనే రాలేదు. బీటెక్ చదివిన నాకు రాలేదు. నీళ్లలో నిలబడి స్విచ్ బోర్డు వైపు చెయ్యి చాపుతున్నా.

తెల్లారినాక అవ్వ నన్ను పిలిచి వాళ్లింటి గోడ చూపించింది. కిటికీ కింద ఒక మట్టి గీత. "ఇది పోయినేడుది. మీ ఇంటికి సున్నం ఏసిండ్రు, అందుకే కనపడలే" అంది. పోయినేడు అంటే 2023.

అప్పుడు నేర్చుకున్న పాఠాలు చెప్తా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఒకటి. నీళ్లొస్తాయా అని ఓనర్‌ను అడగొద్దు, పక్కింటివాళ్లను అడగండి. "వస్తాయా" అని కూడా కాదు, "2023లో ఎక్కడిదాకా వచ్చినయ్?" అని అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

రెండు. కొత్తగా రంగేసిన కింది గోడను అనుమానించండి. బాత్రూమ్ తలుపు, చెక్క గుమ్మం అడుగున చూడండి. గుమ్మానికి రంగేసినా ఉబ్బిన చెక్క దొరికిపోతది.

మూడు. ఊరి చెరువు ఎక్కడుంది, దాని మత్తడి ఏ దిక్కు దుంకుతుంది అని తెలుసుకోండి. మత్తడి నీళ్లు పోయే దారిలో ప్లాట్లు చేసి ఇళ్లు కట్టిన చోట్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. నీళ్లకు మన లేఅవుట్ తెలియదు, దానికి తెలిసింది పాత దారే.

నాలుగు. ఇంటినుంచి మెయిన్ రోడ్డుకు పోయే దారిలో ఎన్ని కల్వర్టులు, లో లెవెల్ వంతెనలు ఉన్నాయో లెక్కపెట్టండి. మీ ఇంట్లోకి నీళ్లు రాకపోయినా ఆ కల్వర్టు మునిగితే మీరు ద్వీపంలో ఉన్నట్టే. ఆస్పత్రి అటు, మీరు ఇటు.

ఐదు. ప్లగ్ బోర్డులు ఎంత ఎత్తులో ఉన్నాయి, మెయిన్ ఎక్కడుంది అని మొదటి రోజే చూసుకోండి.

నేను ఆగస్టులోనే ఇంకో ఇల్లు మారిన. ఎత్తు మీద, మొదటి అంతస్తు. కిరాయి వెయ్యి ఎక్కువ. వేపచెట్టు లేదు. నిద్ర పడుతుంది.

ఇక రెండో తప్పు. ఇది నా ఇల్లు మునిగినదానికంటే పెద్దది.

అదే ఆగస్టులో అడవిలో ఒక చిన్న జలపాతం దగ్గరికి పోయిన. పేరు చెప్పను, చెప్తే మళ్లీ అదే తప్పు చేసినట్టు. అక్కడి ఊరి పిలగాడు ఒకడు దారి చూపించాడు. నీళ్లు తక్కువున్నాయి, బాగుంది. ముప్పై సెకన్ల రీల్ చేసి లొకేషన్ పెట్టి వదిలిన. నా వీడియోల్లో అంతకుముందు ఏదీ అంత పోలేదు. రెండు రోజులు ఫోన్ పక్కన పెట్టలేదు నేను.

వారానికి ఆరుగురు పిలగాళ్లు బైకుల మీద వచ్చారు. డిగ్రీ చదివే వయసు. నా రీల్ చూసే వచ్చారు. వాళ్లు పోయినప్పుడు అక్కడ చినుకు కూడా లేదు. పైన కొండల మీద పొద్దుటినుంచి దంచుతోంది, అది వాళ్లకు ఎట్లా తెలుస్తది? పోయేటప్పుడు మోకాలు లోతున్న వాగు, తిరిగొచ్చేటప్పుడు ఛాతీదాకా. ఒకడు దిగబోతే మిగతావాళ్లు షర్టు పట్టి వెనక్కి లాగారట. చీకటి పడింది. సిగ్నల్ లేదు. రాత్రంతా బండ మీద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. తెల్లారి ఊరివాళ్లు మోకులు తెచ్చి, పైనుంచి తిప్పి ఒక్కొక్కరినీ దాటించారు. అందరూ బతికారు. అందరూ బతికారు కాబట్టే ఇది వార్త కాలేదు.

నాకు ఎట్లా తెలిసింది? ఆ దారి చూపించిన పిలగాడు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "అన్నా, నువ్వు వచ్చినప్పుడు నేనున్న. వాళ్లు వచ్చినప్పుడు ఎవ్వలూ లేరు" అన్నాడు. అంతే. ఆ రీల్ తీసేసిన. అప్పటికి ఎన్నో పేజీలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాయి. తీసేసినా పోలేదు.

ఇది కొత్త సంగతి కాదు. 2023 జూలై ఆఖరి వారంలో, ఆ పెద్ద వాన రోజుల్లోనే, వెంకటాపురం మండలం ముత్యంధార జలపాతానికి పోయిన పదులమంది టూరిస్టులు వాగు పొంగి అడవిలోనే ఆగిపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ టీమ్ రాత్రిపూట పోయి తీసుకొచ్చింది. నేను దాన్ని కూడా అప్పుడు ఫోన్‌లో చూశా. చూడటం వేరు, తలకెక్కడం వేరు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. వాగు లోతు మీ మీద పడే వానను బట్టి ఉండదు, పైన పడిన వానను బట్టి ఉంటది. నీళ్లు ఒక్కసారిగా మట్టి రంగు తిరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా వెంటనే ఒడ్డెక్కి తిరిగి రండి. ఒక్క ఫోటో అని ఆగొద్దు. ఇరుక్కుంటే దాటొద్దు, ఎత్తు మీద కూర్చోండి, నీళ్లు తగ్గేదాకా. ఉధృతి ఎక్కువున్నప్పుడు బొగతలోకి ఫారెస్టోళ్లు ఎవ్వరినీ పోనీయరు. గేటు మూసి ఉంటే పక్క తొవ్వ ఉందా అని అడగొద్దు. ఆ గేటు మూయడానికి వెనక ఎవరిదో ప్రాణం పోయిన కథ ఉంటది.

మూడో ముచ్చట మహబూబాబాద్‌ది. 2024 ఆగస్టు 31న మా అక్క వాళ్లింటికి పోయిన. ఆ రాత్రి పడింది వాన. సెప్టెంబర్ 1 పొద్దున లేచేసరికి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైల్వే ట్రాక్ కింద మట్టి, కంకర మొత్తం కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫోటో మీరందరూ చూసే ఉంటారు. సికింద్రాబాద్, విజయవాడ మధ్య రైళ్లు ఆగిపోయాయి. మరిపెడ మండలంలో ఆకేరు వాగు బ్రిడ్జి దగ్గర ఎయిర్‌పోర్ట్‌కు బయలుదేరిన కారు కొట్టుకుపోయి తండ్రీకూతుళ్లు చనిపోయారు. వాళ్లు జలపాతం చూడటానికి పోలేదు. రీల్ కోసం పోలేదు. రోజూ పోయే రోడ్డే.

నేను ఆ పొద్దున బైక్ తీసి భూపాలపల్లికి బయలుదేరబోయిన. సోమవారం ఒక క్లయింట్‌కు కోడ్ ఇవ్వాలి. బావ తాళం లాక్కున్నాడు. "నీ పని ఆగితే పైసలు పోతయ్ రా. పైసలు మళ్లొస్తయ్. కూసో" అన్నాడు. మూడు రోజులు కూర్చున్న. క్లయింట్ పోయాడు. నిజంగానే పోయాడు, మళ్లీ రాలేదు. అదీ వాన ఊరి ఖర్చే. కిరాయిలో నేను మిగిల్చుకున్నది ఆ ఒక్క క్లయింట్‌తో పోయింది.

ఇక వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లకు చిన్న చిన్న విషయాలు. గాలివాన వచ్చిందంటే కరెంట్ పోతది. కరెంట్ ఎక్కువసేపు పోతే టవర్ బ్యాటరీ కూడా పోతది, అప్పుడు నెట్ పోతది. రెండు వేరే కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. ఇన్వర్టర్ తప్పదు, అది కూడా నడుం ఎత్తులో స్టాండ్ మీద. బట్టలు నాలుగు రోజులైనా ఆరవు. గోడలకు, బెల్టులకు, కెమెరా లెన్స్‌కు కూడా బూజు పడుతుంది. దోమతెర తప్పకుండా కట్టుకోండి, డెంగీ, మలేరియా ఇక్కడ మాటవరసకు అనేవి కావు. బూట్లు దులిపి వేసుకోండి, లోపల ఏముంటదో తెలియదు. పెద్ద జబ్బు చేస్తే వరంగల్ పోవాల్సి రావచ్చు, ఆ రోజు రోడ్డు ఉండాలి.

ఇంకొక మాట. ఈ అడవిలో కోయవాళ్ల ఊళ్లున్నాయి. మనకు వ్యూపాయింట్ అయింది వాళ్లకు తాగునీటి వాగు, గుడి, చేను. సీసాలు పగలగొట్టి రావొద్దు. డ్రోన్ ఎగరేసే ముందు అడగండి. మోరంచపల్లి వైపు పోతే అక్కడ నిలబడి "ఇక్కడే వచ్చాయి నీళ్లు" అని సెల్ఫీ వీడియో తీయొద్దు. ఆ ఊళ్లో వాన మబ్బు కనిపిస్తే ఇప్పటికీ పిల్లలు ఏడుస్తారని ఒక అన్న నాతో అన్నాడు. ఆ ఊరి గురించి నేను వీడియో చేయలేదు, చేయను.

మరి ఇన్ని చెప్పి నువ్వెందుకున్నవ్ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. వెనక్కి పోదామని సెప్టెంబర్‌లో నిజంగానే అనుకున్నా. పోలేదు. ఇక్కడ నాకు ఇరుగుపొరుగు దొరికారు. హైదరాబాద్‌లో నాలుగేళ్లలో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు నాకు తెలియదు. ఇక్కడ అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని వచ్చినతను ఉన్నాడు. ముసురు ఆగిన తెల్లారి గణపసముద్రం కట్ట మీద నడిస్తే వచ్చే గాలి నాకు ఇంకెక్కడా దొరకలేదు. కానీ ఇప్పుడు నేను ఇక్కడ ఉంటున్నది టూరిస్టులాగా కాదు. ఏ వాగు ఏ వాగులో కలుస్తదో తెలుసుకున్న. ముసురు రెండో రోజుకు రాగానే కింద ఉన్న సామాన్లు పైకి పెడతా. ఫోన్, బ్యాంక్, పాస్‌బుక్, సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవర్‌లో తలుపు పక్కనే ఉంటాయి.

అందుకే మీకు నేను చెప్పేది ఇది. రండి, కానీ ఏప్రిల్‌లో వచ్చి ఇల్లు చూడొద్దు. డిసెంబర్‌లో లక్నవరం చూసి మనసు పారేసుకుని అడ్వాన్స్ ఇవ్వొద్దు. జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో ఒక నెల వచ్చి ఉండండి. లాడ్జిలోనో, ఫ్రెండ్ రూమ్‌లోనో. ముసురులో పని చేయండి, కరెంట్ పోయినప్పుడు ఏం చేస్తారో చూసుకోండి. మీరు తీసుకోవాలనుకున్న ఇంటి ముందు జోరు వానలో పది నిమిషాలు నిలబడండి. నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఆ తర్వాత కూడా నచ్చితే అప్పుడు కిరాయి మాట్లాడండి.

చివరగా మా అమ్మ ముచ్చట చెప్పి ముగిస్తా. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో రోజూ ఫోన్ చేసి, "వాన పడ్తుందా బిడ్డా?" అని అడిగేది. ఆ గొంతులో సంబరం ఉండేది, కొడుకు నీళ్లున్న ఊళ్లో ఉన్నాడని. ఇల్లు మునిగిన తర్వాత కూడా అదే ప్రశ్న అడుగుతది. మాటలు అవే, గొంతు మారింది. నిన్న రాత్రి కూడా అడిగింది. "పడ్తుందమ్మా, పైన అంతస్తులనే ఉన్న, ఎటూ పోతలే" అన్న. "అయితే పడనీ" అంది.

సరే ఫ్రెండ్స్, ఈ వానాకాలం జాగ్రత్త. ఈ ఎపిసోడ్‌ను ట్రిప్ ప్లాన్ చేస్తున్న మీ ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టండి, వాళ్లు తిట్టుకున్నా పర్లేదు.